పని నడుము విరామం

పనిలోకి వచ్చేటప్పుడు నడుమును గేటు దగ్గర అప్పగించి, సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు తిరిగి పట్టుకుపోవచ్చునన్న శుభవార్త ఎరువుల గోడౌనుకు ఒక మంగళవారం మధ్యాహ్నం, యూరియా లారీ దించుతుండగా వచ్చింది. భద్రతాధికారి విశ్వేశ్వరం గారు కాటా బల్ల మీద నిలబడి హెడ్డాఫీసు ఉత్తర్వు చదివారు. బస్తా దించి వినమని ఎవరూ చెప్పలేదు గనక లోవరాజు వీపు మీద బస్తాతోనే విన్నాడు.

ఉత్తర్వు చిన్నదే. "బరువులు మోయు కార్మికులకు గాయములు కలుగకుండుటకై ప్రతిదినము పని నడుము విరామము ఇవ్వవలెను." దీని భావం విశ్వేశ్వరం గారే విడమరిచి చెప్పారు. బరువు మోసే మనిషిలో అసలు పని చేసేది నడుము. దెబ్బ తినేదీ నడుమే. పని జరుగుతున్నంతసేపూ ఆ నడుముకు విరామం ఇచ్చేస్తే ఇక దెబ్బ తినడానికి అక్కడ ఏమీ మిగలదు. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తట్టకపోవడం గురించి ఆయన కొంచెం విచారం కూడా వెలిబుచ్చారు.

బస్తాలు మోసే కళాసీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముఠాకు పెద్ద అయిన కొండబాబు మేస్త్రీ మాత్రం ఒక్క సందేహం అడిగాడు.

"మరి నడుం లేకుండా బస్తా ఎలాగ మొయ్యడమండి?"

"నడుం ఉండగా ఎలాగ మోస్తున్నారు?" అన్నారు విశ్వేశ్వరం గారు.

కొండబాబు ఆలోచించాడు. తన నడుము పేరుకే నడుము. పక్కకు చూడాలంటే ఇరుకు సందులో లారీ వెనక్కి తిప్పినట్టు మనిషంతా కొంచెం కొంచెంగా తిరగాలి. అయినా రోజూ మోస్తూనే ఉన్నాడు. జవాబు సబబుగానే తోచి, తలగుడ్డ విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు.

నిజానికి ముఠా వాళ్లు కొన్నేళ్లుగా వేరే వాటిని అడుగుతున్నారు. చక్రాల బండి ఒకటి కావాలన్నారు. లారీ ఎత్తుకు సరిపడా అరుగు కట్టించమన్నారు. లారీకీ లారీకీ మధ్య కాస్త ఊపిరి పీల్చుకోనివ్వమన్నారు. ఎరువుల సీజను వచ్చిందంటే ఎవరో ఒకరు నడుం పట్టుకుని గేటు దాటేవారు, మరి కనిపించేవారు కాదు. వాళ్ల చోట్లో కొత్తవాళ్లు వచ్చేవారు. లోవరాజు అలా వచ్చినవాడే. అడిగినవి రాలేదు గాని అడగనిది వచ్చింది. వచ్చిందాన్ని కాదనడం ముఠాలో ఎవరికీ అలవాటు లేదు.

లోవరాజుకు మాత్రం ఈ వార్త పంచదార పలుకులా తగిలింది. అతనికి కొత్తగా పెళ్లయింది. పెళ్లినాటి పసుపు పంచె అంచును ఇంకా వదల్లేదు. భార్య హైమావతి తెలుగు బి.ఎ. చదివింది, ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషను చెబుతుంది. తప్పెటగుళ్ల మేళంలో లోవరాజు ఎగిరి, వంగి, గిర్రున తిరిగి మళ్లీ ఎగరడం చూసి, ఆ నడుముకే పడిపోయానని ఆమె తోడికోడళ్ల ముందే చెప్పేది. అయితే పెళ్లయ్యాక ఆ నడుమును ఆమె చూసిందల్లా ఉప్పు కాపడం పెట్టేటప్పుడే. పాత పెయింటు డబ్బాలో పెట్టిన మిరప మొక్క పూసిందనీ, ట్యూషను పిల్లాడొకడు 'గాడిద'కు బదులు 'గోదావరి' అని రాశాడనీ ఆమె ఎంతో సంబరంగా చెబుతుండగానే అతను నిద్రపోయేవాడు. సగం విన్న కబుర్లు అతని దగ్గర చాలా పోగుపడ్డాయి. ఇకనుంచి వాటి రెండో సగాలు వినవచ్చుననుకున్నాడు.

నడుము తీసే పద్ధతి గురించి భయపడాల్సిందేమీ లేదు. గేటు పక్క షెడ్డులో నిలబడి చేతులు పైకెత్తాలి. స్టోరు గుమాస్తా రెండు చేతులతో పట్టుకుని, బిగిసిన జాడీ మూత తిప్పినట్టు ఎడమవైపు సగం చుట్టు తిప్పుతాడు. ఒక ఎక్కిలి వచ్చినట్టు ఉంటుంది, అంతే. వచ్చిన ఖాళీలో పైమనిషినీ కింది మనిషినీ కలుపుతూ ఒక రేకు పట్టీ వేసి రెండు బోల్టులు బిగిస్తారు. పట్టీ గట్టిది. వంగదు.

నడుములను ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న ఎంతోసేపు నిలవలేదు. గోడౌనులో కార్మికుల విశ్రాంతి గది ఒకటుంది. ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నవి నడుములు కాబట్టి ఆ గది న్యాయంగా వాటికే చెందుతుంది. బల్లలు తీసి అరలు కొట్టించి, దానికి నడుముల స్టోరు అని పేరు పెట్టారు. ఎప్పటినుంచో తిరగని సీలింగ్ ఫ్యానుకు కొత్త కెపాసిటర్ వేయించారు. కళాసీలు బయట ఎండలో, గోడ నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ, నిలబడి క్యారేజీలు తినేవారు. కూర్చునే వీలెలాగూ లేదు గనక గది పోయిందన్న బాధ కూడా ఎవరికీ కలగలేదు.

నడుము అప్పగించిన మొదటి రోజు సాయంత్రం లోవరాజు పొద్దుటి నడుముతో ఇంటికి వచ్చాడు. సందు మొదట్లో ఉన్న మురుగుకాలవను దాని మీది పలక కేసి చూడనైనా చూడకుండా ఒక్క గెంతు గెంతాడు. పొట్టి గుమ్మం కింద చులాగ్గా వంగి లోపలికి వచ్చి, హైమావతిని ఎత్తి, పిండి డబ్బా మీద కూర్చోబెట్టి, స్టీలు పళ్లెం ఛాతీకి ఆనించుకుని తప్పెట వాయించడం మొదలుపెట్టాడు. హైమావతి నవ్వీ నవ్వీ కడుపు పట్టుకుంది. అతని నడుం మీద చెయ్యి వేసి ఆశ్చర్యపోయింది.

"ఇదేటి మావా, ఇంత చల్లగా ఉంది. పొద్దస్తమానం ఫ్యాను కింద పడుకున్నట్టు."

"పడుకుంది," అన్నాడు లోవరాజు.

కాకపోతే నడుము ఇంకా ఎగరాలంటున్నా మోకాళ్లు ఒప్పుకోలేదు. మెడ ఒప్పుకోలేదు. రెండు చుట్లు తిరిగేసరికి కాళ్లు వణికి గోడ పట్టుకున్నాడు. సెలవు మీద ఉన్నది నడుం ఒక్కటే. మిగతా మనిషంతా డ్యూటీలోనే ఉన్నాడు. హైమావతి ఉప్పు మూటను ఆ రోజు నుంచి మోకాళ్లకు మార్చింది. ఆమెకు అదీ ఒక వేడుకే. చోటు మారింది కదా అంది.

గోడౌనులో పని ఒక పద్ధతి ప్రకారం పెరిగింది. మనిషి ఎత్తదగిన బరువుకు హద్దు అంటూ ఒకటి ఉండేది. అది నడుమును బట్టి పెట్టిన హద్దు. నడుమే లేనప్పుడు దేన్ని బట్టి అని కాటా గుమాస్తా అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. అందుచేత బస్తా మీద బస్తా వేయడం మొదలైంది. చక్రాల బండి గురించిన పాత అర్జీ మీద, నడుములకు ఇప్పుడు బరువు లేదు కనుక బండి అవసరం లేదని రాసి మూసేశారు. అరుగు సంగతీ అంతే. మోకాళ్లు వాచిన వాళ్లు, మెడ తిరగని వాళ్లు, భుజం గూడు జారిన వాళ్లు ఉన్నారు. అయితే ఉత్తర్వు నడుము గురించినది, మోకాళ్లు దాని కిందికి రావు. గేటు దగ్గరి బోర్డు మీద 'నడుము గాయాలు' అన్న మాటకు ఎదురుగా సున్నా వేసి, రోజూ పొద్దున్నే ఆ సున్నాను సుద్దతో మళ్లీ దిద్దేవారు. పక్క ఊళ్ల గోడౌన్ల నుంచి అధికారులు వచ్చి ఆ సున్నాను చూసి, టీ తాగి వెళ్లేవారు.

చిక్కు బయట నుంచి వచ్చింది. ముఠాలో సన్యాసిరావు అనేవాడు ఇంటి దగ్గర గ్యాస్ సిలిండరు మేడ మీదికి ఎక్కించబోయి నడుం బెణికించుకున్నాడు. మర్నాడు ఆ నడుము అరలోకి వంకరగా వచ్చింది. విచారణ జరిగింది. గోడౌను నుంచి వెళ్లేటప్పుడు నడుము తిన్నగానే ఉందనీ, ఇంటి నుంచి వచ్చేటప్పుడు వంకరపోయి వచ్చిందనీ స్టోరు గుమాస్తా సాక్ష్యం చెప్పాడు. దాన్నిబట్టి కార్మికుల నడుములకు అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు వాళ్ల ఇళ్లేనని తేలింది. ఇకమీదట నడుములు రాత్రింబవళ్లు స్టోరులోనే క్షేమంగా ఉంటాయనీ, తగిన కారణం చూపి అర్జీ పెట్టుకుంటే ఆదివారం పూట ఇస్తారనీ విశ్వేశ్వరం గారు కాటా బల్ల ఎక్కి చెప్పారు. సన్యాసిరావును ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. సిలిండరును వాళ్లావిడ కూడా ఏదో ఒక రోజు మోసే ఉంటుంది, మరి ఆవిడ నడుం సంగతేమిటన్న ఆలోచన కొండబాబుకు వచ్చింది గాని, అది ఉత్తర్వులో లేదు గనక ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం లోవరాజు గుమ్మం ముందు ఆగిపోయాడు. గుమ్మం పొట్టిది, అతను వంగలేడు. హైమావతి లోపలి నుంచి వచ్చి ఎగాదిగా చూసి, నడుం చుట్టూ, అంటే పట్టీ చుట్టూ, రెండు చేతులూ వేసి, నిచ్చెనను లోపలికి పెట్టినట్టు ఐమూలగా వాల్చి లాక్కుపోయింది. అన్నం కిటికీ గట్టు మీద పెట్టింది. అతను నిలబడి తిన్నాడు. ఆమె కూడా నిలబడే తింది.

పడుకోవడమే కుదరలేదు. నడుం వాల్చడం అంటాం గాని, వాల్చడానికి నడుం ఉండాలని అంతవరకు వాళ్లకు తోచలేదు. పట్టీ వేసిన మనిషిని చాప మీద పడుకోబెడితే పొద్దున్న మళ్లీ నిలబెట్టడానికి నలుగురు కావాలి. అందుకని అతన్ని గోడకు చేరవేసి, మెడ వెనక తలగడ దోపి, కాళ్లు జారకుండా ఒక ఇటుక అడ్డం పెట్టేది. తనూ ఒక దుప్పటి కప్పుకుని పక్కనే గోడకు ఆనుకునేది. చిటికెన వేలు పట్టుకుని కబుర్లు చెప్పేది. కొత్తల్లో ఇది కూడా ఆమెకు తమాషాగానే ఉండేది, బస్సులో సీటు దొరకని మొగుడూ పెళ్లాల్లా ఉన్నామని పడీ పడీ నవ్వింది. తర్వాత్తర్వాత నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయేది. ఆమె కాళ్లూ వాచాయి. నువ్వు చాప మీద పడుకో హైమా అని అతనంటే, అంత దూరం నుంచి కబుర్లు అరవాలి, నా వల్ల కాదు అనేది.

ఆ పేటలో కళాసీల ఇళ్లన్నీ ఇదే తీరుకు వచ్చాయి. వడ్రంగి ఒకడు ఛాతీ ఎత్తున ఉండే భోజనం బల్లలు చేసి అమ్మాడు. పెళ్లిపిలుపుల్లో 'నిలబడి భోజనాలు' అని రాసేవారు. కొందరు గుమ్మాలు పగలగొట్టించి ఎత్తు చేయించుకున్నారు. లోవరాజుది అద్దె ఇల్లు గనక ఆ వీలు లేదు.

పొద్దున్నే పనికి ముందు కుడిచెయ్యి చాచి ఉత్తర్వును ప్రతిజ్ఞలా అందరూ ఒక్క గొంతుతో చెప్పాలి. రోజూ చెప్పీ చెప్పీ అది లోవరాజు నోట్లో నానిపోయింది. ఒకరోజు చీకటిపడే వేళ హైమావతి పిల్లల డిక్టేషను దిద్దుతోంది. గోడకు ఆనుకున్న లోవరాజు కళ్లు మూసుకుని ఊరికే గొణుక్కుంటున్నాడు. ఆమె ఎర్ర పెన్ను ఆగిపోయింది.

"ఏటన్నావు మావా? మళ్లీ అను."

"ఏటుంది, ప్రతిజ్ఞే. ప్రతిదినము పని నడుము విరామము ఇవ్వవలెను."

"నడుము అని ఉందా, నడుమ అని ఉందా?"

"రెండూ ఒకటే కాదేటి?"

"కాదు. మకి కొమ్ముందా లేదా?"

లోవరాజు కళ్లు తెరిచాడు. కొమ్ము గురించి గోడౌనులో ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు. కాటా బల్ల వెనక గోడకు అంటించిన ఉత్తర్వును ఒక్కొక్క అక్షరమే తలుచుకుని, కొమ్ము ఉందని చెప్పాడు. హైమావతి పెన్ను మూత పెట్టింది. ఆమె గొంతు బాగా తగ్గిపోయింది.

"అది పని నడుమ విరామం మావా. నడుమ అంటే మధ్య. పని మధ్యలో కాసేపు ఆగమని. ఎవరో కొమ్ము తగిలించేసేరు. నడుం తియ్యమనలేదు. మిమ్మల్ని కాసేపు కూచోమన్నారు, అంతే."

లోవరాజు మళ్లీ కళ్లు మూసుకున్నాడు. కూచోవడం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుంటున్నాడు.

మర్నాడు హైమావతి ఉతికిన చీర కట్టుకుని గోడౌనుకు వెళ్లింది. అంత పెద్ద తప్పు దొరికింది కాబట్టి సాయంత్రానికల్లా నడుము ఇంట్లో ఉంటుందని ఆమె నమ్మకం. విశ్వేశ్వరం గారు ఆమెను మర్యాదగా కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించి, మొత్తం విన్నారు. విన్నంతసేపూ తల ఊపారు.

"తెలుసమ్మా," అన్నారు ఆఖరికి. "మొదటి వారంలోనే తెలిసింది. హెడ్డాఫీసులో టైపు చేసినవాళ్ల వేలు పక్కకు పడింది."

"తెలిసీ దిద్దలేదాండి?"

"దిద్దమంటారా అని రాశాం. ఈలోగా గాయాలు సున్నా అయిపోయాయి. సున్నా తెచ్చిన మాటను తప్పు మాట అని ఎలా అంటామమ్మా? కొమ్మును ఉంచమని జవాబు వచ్చింది."

హైమావతి నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "పోనీ నడుమూ ఉంచుకోండి. పని మధ్యలో కాసేపు ఆగనివ్వండి. మీవాళ్లు మొదట అనుకున్నది అదే కదండీ."

"ఆగనిస్తున్నాం కదమ్మా. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా, ఆ తర్వాత కూడా. మీ ఆయన నడుము తీసుకుంటున్నంత విరామం ఈ జిల్లాలో కలెక్టరు గారి నడుముకు కూడా లేదు."

"అది నడుముకండి. మనిషికి?"

"నడుము ఎవరిదమ్మా? మీ ఆయనదే కదా."

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు. ఆయన కుర్చీలో కొంచెం పక్కకు ఒరిగి, నడుం వెనక దిండు సర్దుకోవడం హైమావతి గమనించింది. కూర్చుని కూర్చుని తన నడుం పాడైపోయిందనీ, అధికారులకు ఈ వసతి లేకపోవడం అన్యాయమనీ మాటల్లో మాటగా ఆయనే చెప్పుకున్నారు.

ఇంత దూరం వచ్చారు కాబట్టి భర్త నడుమును చూసి వెళ్లమని స్టోరులోకి పంపించారు. అరల నిండా నడుములు వరసగా, గోనెగుడ్డ మీద, ఫ్యాను గాలికి పడుకుని ఉన్నాయి. వాటిలో లోవరాజుది పోల్చుకోవడానికి ఆమెకు క్షణం పట్టలేదు. నిండుగా, నునుపుగా, పెళ్లికి ముందు మేళంలో చూసినట్టే ఉంది. చెయ్యి వేస్తే అటు నుంచి ఇటు కొంచెం ఒత్తిగిలింది. ఇంట్లో గోడకు ఆనుకున్న మనిషి కన్నా ఇదే కుర్రగా ఉందని ఆమెకు అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడి చెయ్యి తీసేసింది.

ఆదివారానికి అర్జీ అక్కడే రాసింది. కారణం అన్నచోట 'నడుం వాల్చుటకు' అని రాస్తే విశ్వేశ్వరం గారు జాలిగా కొట్టేశారు. వాల్చడమంటే విశ్రాంతి, అది నడుముకు ఇక్కడ జరుగుతూనే ఉంది. తప్పెటగుళ్లు అంటే ప్రమాదమన్నారు. భార్యాభర్తల మధ్య కారణాలు రాయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. చివరికి ఇంటి గుమ్మం పొట్టిదనీ, అందులోంచి రావడానికి వంగాలనీ రాసింది. ఇది కట్టడానికి సంబంధించిన కారణం, మనిషికి సంబంధించింది కాదు గనక వెంటనే మంజూరైంది. ఆదివారం పొద్దుట నుంచి చీకటిపడే దాకా.

హైమావతి దారంతా చిన్నపిల్లలా నడిచింది. ఆదివారం ఏం చెయ్యాలో మిగతా రోజులన్నీ ఇద్దరూ గోడకు ఆనుకుని మాట్లాడుకున్నారు. ముందు సినిమా అనుకున్నారు, తర్వాత సముద్రం ఒడ్డు అనుకున్నారు. ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చి, ఆఖరికి గుమ్మం ముందు మెట్టు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలని తేల్చారు. కూర్చుని ఏం చెయ్యాలి అని లోవరాజు అడిగాడు. కూచున్నాక చూద్దాం అంది హైమావతి. వేడి పునుగులు తెచ్చుకుంటే బాగుంటుందని మాత్రం ఒప్పుకుంది. మనిషి ఇంత చిన్నదాని కోసం ఇంత ఎదురుచూడగలడా అని ఇద్దరూ వింతపడ్డారు.

శనివారం పని దిగే వేళకు విశ్వేశ్వరం గారు మళ్లీ కాటా బల్ల ఎక్కారు. ఆయన మొహంలో గర్వం ఉంది. ఇక్కడి సున్నాను చూసి హెడ్డాఫీసు వారు అన్ని గోడౌన్లలోనూ పని నడుము విరామం పెట్టారనీ, అన్నిచోట్ల నడుములనూ ఒక్కచోట ఉంచడానికి రాష్ట్రానికి అవతల చల్లటి కేంద్ర స్టోరు కట్టారనీ చెప్పారు. నడుములు రేపే పెట్టెల్లో, లారీ మీద బయల్దేరతాయి. ఎత్తడం ముఠా వారే ఎత్తాలి. ఆదివారమే అయినా ఇది బయటి సరుకు కాదు, మీ నడుములే కాబట్టి మీరు కాదనరని నమ్ముతున్నానన్నారు.

లోవరాజు చెయ్యి ఎత్తాడు. ముఠాలో చేరిన తర్వాత అతను అలా చెయ్యి ఎత్తడం అదే మొదలు. "రేపు నా నడుం మంజూరైందండి, సారు. మా ఆవిడ రాసింది."

విశ్వేశ్వరం గారు కాగితాలు తిరగేసి, అవునన్నారు. "మంజూరు అలాగే ఉంటుందయ్యా. ఎవరూ రద్దు చెయ్యలేదు. కేంద్ర స్టోరుకు వెళ్లి చూపించు, ఇస్తారు. చీకటిపడేలోగా మళ్లీ అక్కడే అప్పగించాలి."

అక్కడికి వెళ్లడానికే ఒక పగలూ రాత్రీ పడుతుందని అందరికీ తెలుసు. ఆ సంగతి విశ్వేశ్వరం గారికి కూడా తెలుసు. అందుకే తర్వాతి విషయానికి త్వరగా వెళ్లిపోయారు. పెట్టెలు ఎత్తేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు చదివి వినిపించారు. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. కుదుపు ఇవ్వకూడదు. నడుము మెలిపడకుండా చూసుకోవాలి, పెట్టెలో ఒకదాని మీద ఒకటి ఉంటాయి గనక నలిగే ప్రమాదముంది. ఆపైన, ఎవరి నడుము ఉన్న పెట్టెను వాళ్లు ఎత్తకూడదు. సొంత నడుము అనేసరికి మనిషి మరీ మెల్లగా ఎత్తుతాడనీ, దానివల్ల లారీ ఆలస్యమవుతుందనీ మిగతా గోడౌన్లలో అనుభవం అయిందట.

గేటు వైపు నడుస్తుంటే లోవరాజు కొండబాబు మేస్త్రీ పక్కకు చేరాడు. ఇద్దరూ రేకు పట్టీలు కిర్రుమంటుండగా కొంతదూరం నడిచారు.

"బాబాయ్, నాది పై అరలో చివర్న ఉంటాది. కొంచెం చూసి ఎత్తుదూ."

కొండబాబు తిరిగి చూడలేదు, తిరగడానికి ఆయనకు చాలాసేపు పడుతుంది. "నీది నేనెత్తుతాను లేరా. నాది నువ్వెత్తు. నాదాన్ని ఎలాగెత్తినా పరవాలేదు."

లోవరాజు ఇంటికి వెళ్లేసరికి హైమావతి మెట్టు కడిగి ముగ్గు వేసి ఉంచింది. అతన్ని ఐమూలగా లోపలికి లాక్కునే ముందు మొహం చూసింది. లాక్కున్న తర్వాత అడిగింది. అతను లారీ గురించీ, కేంద్ర స్టోరు గురించీ, పెట్టెల గురించీ చెప్పాడు. ఆమె మళ్లీ గోడౌనుకు వెళ్తానని అనలేదు. తప్పు ఏ అక్షరంలో ఉందో ఇప్పుడు అందరికీ తెలుసు, ఇక కనిపెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఆ నడుము చల్లగా ఉంటుందిలే అక్కడ, అంది. ఫ్యాను కన్నా ఏసీ మంచిదని లోవరాజు ఒప్పుకున్నాడు. కిటికీ గట్టు మీద అన్నం పెట్టింది. తిన్నారు.

గోడకు చేరవేసి, తలగడ దోపి, ఇటుక అడ్డం పెడుతూ ఆమె అడిగింది.

"ఎన్నింటికి లారీ?"

"ఆరింటికి. పెట్టెలు చాలా ఉన్నాయంట."

"అయితే అయిదింటికే లేపుతాను మావా. చద్దన్నం తినేసి వెళ్దువుగాని," అంది హైమావతి. పడుకోని మనిషిని లేపడమేమిటన్నది ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.